వైల్డ్‌వుడ్ మోటెళ్లు కూలిన కాలం

2003లో ఎబ్ టైడ్ మోటెల్‌ని కూలగొట్టేనాటికి దానికి నలభై ఆరేళ్లు. న్యూజెర్సీ దక్షిణపు కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న వైల్డ్‌వుడ్ క్రెస్ట్ అనే చిన్న ఊళ్లో 1957లో లూ మోరీ అనే బిల్డర్ దాన్ని కట్టాడు. గోడలు నిటారుగా నిలబడక పక్కకి వాలి ఉండేవి. అలా కట్టడానికి అవసరం ఏమీ లేదు. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లకి ఆ వారం రోజులూ తమ ఇల్లు, తమ వీధి గుర్తుకు రాకూడదు, అంతే. ఆ తీరంలో ఆ తరహా మోటెళ్లకు ఆద్యం అదేనంటారు. మొదట పుట్టింది ముందే వెళ్లిపోయింది. ఆ కొద్ది ఏళ్లలోనే దాదాపు వంద మోటెళ్లు నేలమట్టమయ్యాయి. అవి తుఫానుకి కొట్టుకుపోయినవైతే ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఊరి నిబంధనలకు లోబడి, పద్ధతి ప్రకారం అనుమతులు తీసుకుని, పట్టపగలు పడగొట్టినవి అవి. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

వైల్డ్‌వుడ్ అంటే నిజానికి ఒక్క ఊరు కాదు. వైల్డ్‌వుడ్, నార్త్ వైల్డ్‌వుడ్, వైల్డ్‌వుడ్ క్రెస్ట్ ఒకే సన్నటి దీవి మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా శ్రామిక కుటుంబాల చేతికి రెండు కొత్త వస్తువులు వచ్చాయి: కారు, జీతంతో కూడిన వారం రోజుల సెలవు. 1950ల మధ్యలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే రహదారి తెరుచుకుంది. అంతకుముందు రైల్లో వచ్చి చెక్క మేడల్లో అద్దె గదులు వెతుక్కున్న ఫిలడెల్ఫియా జనం, ఇక కారు తెచ్చి గది గుమ్మం ముందే ఆపుకోవచ్చు. లూ మోరీ, అతని సోదరుడు విల్ ఈ మార్పుని త్వరగా పసిగట్టారు. విల్ ఫ్లోరిడా వెళ్లి మయామీ బీచ్ హోటళ్ల వైభవం చూసి వచ్చాడు. ఆ వైభవాన్ని రెండంతస్తులకు కుదించి, మామూలు జీతగాడికి అందే ధరలో ఇక్కడ కట్టొచ్చని వాళ్లకు తోచింది. వాళ్లని చూసి మరికొందరు దిగారు. ఇరవై ఏళ్లలో మూడు వందల దాకా మోటెళ్లు లేచాయి.

వాటి పేర్లు చదువుతుంటే భూగోళం పాఠంలా ఉంటుంది: కరీబియన్, సింగపూర్, టాంజియర్స్, కోనా కై, కాసా బహామా. స్పుత్నిక్ ఆకాశానికెక్కిన రోజులు కాబట్టి శాటిలైట్ ఒకటి, ఆస్ట్రోనాట్ ఒకటి. ఆ పేర్లలోని ఊళ్లకు ఎన్నటికీ వెళ్లలేని మనుషులు ఆ బోర్డుల కింద నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. కట్టడం మాత్రం దాదాపు అన్నిటికీ ఒకటే. మధ్యలో ఈతకొలను, దాని చుట్టూ ఎల్ ఆకారంలోనో యూ ఆకారంలోనో గదులు, ముందు పొడుగాటి వరండా, దానికి రంగుల రెయిలింగు, వాలుటద్దాల ఆఫీసు గది, పైకెగిరినట్టుండే కప్పు. అక్కడి చలికి అసలు కొబ్బరి జాతి చెట్టు బతకదు. అందుకని ప్లాస్టిక్ తాళవృక్షాలు నాటారు. శీతాకాలం మంచు కురిసినా అవి పచ్చగానే ఉండేవి. చీకటి పడితే నియాన్ దీపాలు వెలిగేవి. గాజు గొట్టాన్ని మంట మీద వేడిచేసి, చేత్తో వంచి, అక్షరం అక్షరంగా తీర్చిన బోర్డులవి. గొట్టంలో నియాన్ నింపితే ఎర్రటి నారింజ వెలుగు, ఆర్గాన్‌లో కాస్త పాదరసం కలిపితే నీలం. ఒక్కో బోర్డు వెనక ఒక పనివాడి ఊపిరి, చేతివాటం ఉన్నాయి.

ఈ చోటికి నిజమైన విలువ ఎక్కడుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. మే నెలాఖరున మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా పద్నాలుగు వారాలు సీజను. వారానికొక కుటుంబం దిగినా, ఒక్క గది ఒక వేసవిలో పద్నాలుగు కుటుంబాలకు సముద్రాన్ని చూపించేది. నలభై గదుల మోటెల్ అయితే ఐదు వందల అరవై కుటుంబాలు. ఏటా అదే వారం, అదే గది కావాలని ముందుగానే రాయించుకునేవాళ్లుండేవారు. పిల్లలు ఈతకొలనులో స్నేహాలు కలుపుకుని, మళ్లీ వచ్చే వేసవికి అక్కడే కలుసుకునేవాళ్లు. పైగా ఈ దీవి ఇసుక మీద కాలు పెట్టడానికి టికెట్టు లేదు. న్యూజెర్సీలో చాలా బీచ్‌లకు వేసవిలో బ్యాడ్జి కొనుక్కోవాలి. ఇక్కడ అక్కర్లేదు. ఎడిసన్ పట్టణం చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లు కూడా పార్క్‌వే పట్టుకుని ఇంతదూరం రావడానికి ఆ ఉచిత ఇసుకే ఒక కారణం.

క్షీణత మెల్లగా వచ్చింది. 1978లో అట్లాంటిక్ సిటీలో మొదటి క్యాసినో తెరిచారు. విమాన టికెట్లు చవకయ్యాయి. మయామీ చూడాలనుకున్నవాళ్లు మయామీకే వెళ్లసాగారు. మోటెళ్ల రంగులు వెలిశాయి. నియాన్ గొట్టం ఒకటి పోతే దాని బదులు ప్లాస్టిక్ డబ్బా బోర్డు పెట్టారు. అంతటి కాలంలోనూ కొందరికి వాటి అందం కనబడింది. 1990లలో, ఈ మోటెళ్లు కట్టిన కాలపు పాటల పేరు మీద ఈ శైలికి డూవాప్ అని పేరొచ్చింది. 1997లో స్టీవెన్ ఐజెనోర్ అనే వాస్తుశిల్పి యేల్, పెన్సిల్వేనియా, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయాల విద్యార్థులతో ఈ ఊళ్లను ఒక పాఠంగా అధ్యయనం చేయించాడు. అదే ఏడాది వీటి పరిరక్షణకు ఒక సంఘం పుట్టింది. మోరీల తర్వాతి తరం కూడా అందులో ఉంది. 2001లో ఐజెనోర్ హఠాత్తుగా చనిపోయాడు. రాబోయే కూల్చివేతల్ని అతను చూడలేదు.

2000 తర్వాత తీరంలో స్థలాల రేట్లకు రెక్కలొచ్చాయి. మోటెల్ యజమాని ఏడాదిలో వంద రోజులు సంపాదించి మూడు వందల అరవై ఐదు రోజుల పన్నూ బీమా కట్టాలి. దుప్పట్లు ఉతికి, కొలను శుభ్రం చేసి, అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి తాళంచెవి ఇచ్చి నడుము వంగిన దంపతులు వాళ్లలో ఎందరో. పిల్లలు ఆ చాకిరీ తాము చేయలేమన్నారు. జీవితమంతా కష్టపడినా కళ్లజూడనంత సొమ్ము బిల్డరు ఒక్క సంతకానికి ఇస్తానంటున్నాడు. ఆ సంతకం పెట్టినవాళ్లని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. నా ఫిర్యాదంతా ఆ సంతకం తర్వాత కథ నడిచిన గది మీద.

అది మునిసిపల్ బోర్డు గది. న్యూజెర్సీలో 1975 నాటి భూవినియోగ చట్టం ప్రకారం బిల్డరు తన ప్లాను అక్కడ పెట్టాలి. స్థలానికి రెండు వందల అడుగుల లోపు ఆస్తులున్నవాళ్లకు ముందుగా నోటీసు పంపాలి. ప్లాను జోనింగుకు సరిపోతే దాదాపు అక్కడితో సరి. సరిపోకపోతే వేరియెన్స్, అంటే నిబంధన నుంచి మినహాయింపు, అడగాలి. ఆ జోన్‌లో అనుమతి లేని వాడకం కోరితే ఏడుగురు సభ్యుల బోర్డులో కనీసం ఐదుగురు ఔననాలి. బిల్డరు తరఫు లాయరు లేచి ప్లానరునీ, ఇంజినీరునీ సాక్షులుగా పిలుస్తాడు. ఎత్తు ఎన్ని అడుగులు, గోడకీ సరిహద్దుకీ మధ్య ఖాళీ ఎంత, ఫ్లాటుకి ఎన్ని కార్లకు చోటు, వాన నీరు ఎటు పోతుంది అని ప్రశ్నలు నడుస్తాయి. పక్కింటివాళ్లు లేచి సాక్షుల్ని ప్రశ్నించవచ్చు, తమ మాట చెప్పవచ్చు. నీడ పడుతుందంటారు, గాలి ఆగిపోతుందంటారు, వీధిలో కార్లకు చోటుండదంటారు. అవన్నీ రికార్డుకెక్కుతాయి. తీర్పు నచ్చకపోతే నలభై ఐదు రోజుల్లో కోర్టుకెళ్లవచ్చు. పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు.

అయితే ఒక తల్లి లేచి, మా నాన్న నన్ను ఈ మోటెల్‌కి తీసుకొచ్చాడు, నేను నా పిల్లల్ని తీసుకొస్తున్నాను అంటే, ఆ మాటను ఏ గడిలో రాసుకోవాలో ఆ పద్ధతికి తెలియదు. చాలాచోట్ల ఆ తల్లి ఆ గదిలో ఉండనే ఉండదు. ఆమె ఉండేది ఫిలడెల్ఫియాలో. ఆమెకు ఈ ఊళ్లో ఓటు లేదు, రెండు వందల అడుగుల లోపు ఇల్లు లేదు, నోటీసు రాదు. వేసవికొకసారి వచ్చి ఈ ఊరిని బతికించిన వేలమందికి ఈ వివాదంలో వాదిగా గానీ ప్రతివాదిగా గానీ చోటు లేకపోయింది. మోటెల్ కూలిందన్న సంగతి వచ్చే ఏడు గది కోసం ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది.

చరిత్ర పేరు చెప్పి కాపాడుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడా కాలం ఎదురు తిరిగింది. అమెరికాలో జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరుకి ఎక్కాలంటే కట్టడానికి మామూలుగా యాభై ఏళ్లు నిండాలి. 1957లో కట్టినవాటికి ఆ వయసు 2007లో వస్తుంది. కూల్చివేతల ఉధృతి అంతా అంతకుముందే. అసాధారణ ప్రాముఖ్యం ఉందని నిరూపిస్తే గడువుకు ముందే ఎక్కించవచ్చు. నార్త్ వైల్డ్‌వుడ్‌లో హృదయాకారపు ఈతకొలను ఉన్న షాటో బ్లూ 2004లో, కరీబియన్ 2005లో అలా ఎక్కాయి. కానీ ఆ రిజిస్టరు గౌరవం ఇస్తుందే తప్ప, సొంత డబ్బుతో సొంత భవనాన్ని కూల్చుకునే యజమాని చెయ్యి పట్టుకోదు. యజమాని వద్దంటే పేరు ఎక్కించడానికే వీల్లేదు. స్థలం మీద ఆశలు పెట్టుకున్నవాళ్లకు చరిత్ర ముద్ర అంటేనే భయం, ఎక్కడ రేటు పడిపోతుందోనని.

2004లో శాటిలైట్ పోయింది. 2006లో జాతీయ పరిరక్షణ ట్రస్టు వైల్డ్‌వుడ్ డూవాప్ మోటెళ్లను దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. అప్పటికి పోయినవి పోయాయి. వాటి జాగాల్లో కాండోలు, అంటే ఫ్లాటు ఫ్లాటుగా అమ్మే భవనాలు, లేచాయి: కింద కార్లు, పైన మూడు నాలుగు అంతస్తులు, వినైల్ పలకల గోడలు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియని బాల్కనీలు. వాటి మధ్య నియాన్ లేదు. ఆ రోజుల్లోనే ఊళ్లో కొత్తగా వచ్చిన దుకాణాలు డూవాప్ వేషం కట్టుకున్నాయి. వావా అనే సరుకుల కొట్టు కూడా ఆ తరహా బోర్డు పెట్టుకుంది. శైలి మీద ఊరికి ప్రేమ పోలేదు. ఆ శైలిలో మనుషులు నిద్రపోయిన గదులే పోయాయి.

పరిరక్షణ సంఘంవాళ్లు చేతనైనంత చేశారు. సర్ఫ్‌సైడ్ అనే పాత రెస్టారెంటు కూలబోతుంటే దాని ఉక్కు చట్రాన్ని ముక్కముక్కగా విప్పి దాచి, 2007లో దానితోనే మ్యూజియం నిలబెట్టారు. దాని ఆవరణలో కూలిన మోటెళ్ల నియాన్ బోర్డులు కొన్ని నిలబెట్టి వెలిగించారు. అక్కడ బోర్డుంది, దాని వెనక మోటెల్ లేదు. కరీబియన్‌ని 2004లో, కూల్చివేత అంచున ఉండగా, ఇద్దరు కొని బాగుచేయించారు. దాని అర్ధచంద్రాకారపు కొలను పక్కన గదులు ఇంకా అద్దెకిస్తున్నారు.

ఆ తర్వాత 2008 నాటి ఇళ్ల సంక్షోభం వచ్చింది. కాండోల రేట్లు పడిపోయాయి. మోటెల్ కూల్చి, కొత్తది కట్టకముందే బిల్డరు చేతులెత్తేసిన జాగాలు కొన్ని గడ్డి మొలిచి అలాగే ఉండిపోయాయి. ఐదారేళ్లు ఓపిక పడితే బతికి ఉండేవేమో అనిపించే మోటెళ్లున్న జాగాలవి.

ఇక వాటిని తిరిగి తేవచ్చునా అంటే, దారి దాదాపు మూసుకుపోయింది. మోటెల్‌కి ఒక యజమాని. అతని మనసు మారితే మోటెల్‌ని కాండో చేయొచ్చు. కాండో అయ్యాక ఆ నేల ఫ్లాటుకొకరి చొప్పున పదిమందికో ఇరవైమందికో ఉమ్మడి ఆస్తి. ఎవరి రిజిస్ట్రేషన్ వారిది, ఎవరి బ్యాంకు అప్పు వారిది. అందులో ఒకరికి డూవాప్ మీద ఎంత మమకారం పుట్టినా ఆ నేల మీద మళ్లీ మోటెల్ లేవదు. లేవాలంటే వాళ్లలో దాదాపు అందరూ ఒక్క మాట మీదకి రావాలి, అప్పులిచ్చిన బ్యాంకులన్నీ సరేననాలి, ఆపైన ఆ జోన్‌లో మోటెల్‌కి అనుమతి లేకపోతే జోనింగ్ బోర్డు ముందు మళ్లీ నిలబడి ఐదు ఓట్లు తెచ్చుకోవాలి.