తాబూత్ వచ్చినా ఓడిన లష్కర్

రంజాన్ తరావీహ్‌లో రెండో పారా ఆఖరుకి వచ్చేసరికి హాఫిజ్ సాబ్ గొంతులో తాలూత్, జాలూత్, దావూద్ అనే పేర్లు వరసగా వినిపిస్తాయి. సూరా బఖరాలో 246 నుంచి 251 దాకా ఉన్న ఆయతులు అవి. అరబీ అర్థం కాని పిల్లలకు కూడా ఆ పేర్లు చెవిలో నిలిచిపోతాయి. ఒకసారి మా రామకృష్ణాపూర్‌లో నమాజ్ అయ్యాక ఇంటికి నడుస్తుంటే మా తమ్ముడి కొడుకు అడిగాడు: "బడే అబ్బా, తాబూత్ దగ్గరుంటే ఇక జంగ్‌లో ఎవ్వరూ ఓడించలేరా?"

పిల్లవాడి సవాల్ కదా అని తీసేయలేం. మూడు వేల ఏళ్ళ కింద బనీ ఇస్రాయీల్ బుజుర్గులు కూడా అచ్చం ఇలాగే అనుకుని దెబ్బతిన్నారు.

ముందు వాళ్ళెవరో చూద్దాం. ఫిరౌన్ మెర్నెప్తా తన ఫతహ్‌లను చాటుకుంటూ క్రీ.పూ. 1208 ప్రాంతంలో ఒక రాయి చెక్కించాడు. ఇప్పుడది ఖాహిరా మ్యూజియంలో ఉంది. తౌరాత్, ఇంజీల్ బయట ఇస్రాయీల్ అనే పేరు దొరికే అతి పాత రాత అని చాలామంది ఒప్పుకునేది దాన్నే. అందులో చుట్టుపక్కల పట్టణాల పేర్ల పక్కన ఊరికీ దేశానికీ వాడే గుర్తు ఉంటే, ఇస్రాయీల్ పేరు పక్కన మాత్రం మనుషుల గుంపుకు వాడే గుర్తు ఉంది. అంటే రాజధాని లేదు, బాద్‌షా లేడు, ఉన్నది ఖౌమ్ ఒక్కటే. పన్నెండు కబీలాలు. ఒక్కో కబీలాకు తన పొలాలు, తన మందలు, తన పంచాయితీలు. ఇలాంటి వాళ్ళను లడాయికి ఒకచోట చేర్చేదెవరు? జీతం ఇచ్చే ఖజానా లేదు, హుకుం పంపే దర్బార్ లేదు.

అక్కడే తాబూత్ పని మొదలవుతుంది. తెలుగు బైబిల్ దాన్ని మందసం అంటుంది. తౌరాత్ ప్రకారం సహరాలో మజిలీ వేసినప్పుడు నడిమధ్యలో ఇబాదత్ గుడారం, అందులో ఆ పెట్టె, చుట్టూ నాలుగు దిక్కులా మూడేసి కబీలాలు. యహూదా తూర్పున, రూబేను దక్షిణాన, ఎఫ్రాయిము పడమర, దాను ఉత్తరాన. ఎవరి తంబూ ఎక్కడో ఖరారు. పెట్టె లేస్తే లష్కర్ లేస్తుంది, పెట్టె ఆగితే లష్కర్ ఆగుతుంది. మార్టిన్ నోత్ అనే జర్మన్ ఆలిమ్ 1930లో, ఈ పన్నెండు కబీలాలు ఒక ఇబాదత్‌గాహ్ చుట్టూ కట్టుకున్న జమాత్ అని, పాత యూనాన్‌లో కూడా ఇలాంటివి ఉండేవని రాశాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని చాలావరకు కొట్టేశారు. యూనాన్ సాంచాలో బనీ ఇస్రాయీల్‌ను బలవంతంగా ఇరికించాడని నాకూ అనిపిస్తుంది.

ఎందుకంటే అసలు హాల్ అంత చక్కగా లేదు. బైబిల్‌లో అతి పాత భాగాల్లో ఒకటని చాలామంది లెక్కగట్టే దెబోరా పాట చూడండి. సీసెరా రథాల మీద జంగ్ అది. ఎఫ్రాయిము, బెన్యామీను, మాకీరు, జెబూలూను, ఇశ్శాఖారు, నఫ్తాలి వచ్చారు. రూబేను వాళ్ళు పెద్ద పెద్ద మష్వరాలు చేసి గొర్రెల దొడ్ల దగ్గరే కూర్చున్నారు. గిలాదు నది అవతలే ఉండిపోయింది. దాను పడవల దగ్గర, ఆషేరు సముద్రపు ఒడ్డున. యహూదా పేరు అసలు ఎత్తనే లేదు. అంటే ఆ పాట సగం ఫతహ్ తరానా, సగం గైర్‌హాజరు రిజిస్టర్! అయినా ఆ రోజు గెలిచారు. గమనించండి, ఆ జంగ్ కిస్సాలో తాబూత్ ఊసే లేదు.

ఇప్పుడు రెండో జంగ్. ఎబెనెజరు దగ్గర ఫిలిష్తీయులతో తలపడి మొదటి రోజు నాలుగు వేల మందిని పోగొట్టుకున్నారని సమూయేలు గ్రంథం చెబుతుంది. బుజుర్గులు కూర్చుని, షిలోహు నుంచి తాబూత్ తెప్పిద్దాం, అది మనల్ని కాపాడుతుంది అన్నారు. మాట జాగ్రత్తగా వినండి: అల్లాహ్ కాదు, "అది". తాబూత్ వచ్చింది, భూమి అదిరేలా నారా కొట్టారు, దుష్మన్‌కు కూడా దడ పుట్టింది. తర్వాత ముప్పై వేల మంది పడిపోయారు. తాబూత్ దుష్మన్ చేతికి చిక్కింది. దాన్ని మోసుకొచ్చిన ఇద్దరు మజహబీ పెద్దలు, ఏలీ కొడుకులు, అక్కడే చచ్చారు. వాళ్ళు ప్రజల ఖుర్బానీ గోష్త్‌లోంచి బలవంతంగా లాక్కునేవాళ్ళని అదే కితాబ్ ముందే చెప్పి ఉంచింది. లెక్కలు మరీ పెద్దవి, పాత కితాబుల్లో అంకెలు అలాగే ఉంటాయి. షికస్త్ మాత్రం కల్పించి రాసుకునే రకం కాదు. ఏ ఖౌమ్ తన మీద ఇలాంటిది ఊరికే రాసుకోదు.

ఖురాన్ ఈ ఓటమి తఫ్సీల్‌లోకి పోదు. తాబూత్ తిరిగి రావడం దగ్గర ఆగుతుంది. మాకొక బాద్‌షాను ఇవ్వమని సర్దార్లు తమ నబీని అడిగారు. తాలూత్ పేరు రాగానే, దౌలత్ లేనివాడు మా మీద రాజేమిటి అన్నారు. ఆయన హుకూమత్‌కు నిషానీగా తాబూత్ వస్తుందని, ఫరిష్తాలు మోసుకొస్తారని, అందులో సకీనా, మూసా, హారూన్ (అ.స) ఘరానాల తబర్రుకాత్ ఉంటాయని నబీ చెప్పారు. ఖురాన్‌లో తాబూత్ హథియార్ కాదు. బీద ఇంటివాడి వెనక నిలబడడానికి సర్దార్ల మొండితనాన్ని విరిచే నిషానీ అది.

సకీనా అనే మాట కూడా చూడండి. నెమ్మది, తసల్లీ అంటాం. యహూదీలు ఖుదా హాజరీని షెఖినా అంటారు. రెండింటి ధాతువు ఒకటే, నిలిచి ఉండడం, కాపురం ఉండడం. నిజాం కాలం కాగితాల్లో మనిషి పేరు తర్వాత "సాకిన్ ఫలానా మౌజా" అని రాసేది కూడా ఆ ధాతువే.

తాబూత్ వచ్చాక కూడా తాలూత్ నది దగ్గర ఇమ్తెహాన్ పెట్టాడు. దోసెడుకు మించి తాగొద్దంటే కొందరే ఆగారు. ఆ నది దాటినవాళ్ళ లెక్కే బద్ర్ సహాబా లెక్క, మూడు వందల పదికి పైచిలుకు అని బరా బిన్ ఆజిబ్ (రజి) రివాయత్ బుఖారీలో ఉంది.

ఇదంతా దూరదేశపు కిస్సా అనుకోకండి. మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గోండులకు పెర్సపేన్ ఉంది. పెర్సపేన్ ప్రతి వంశానికీ వేరు. దాని రూపం ఒక ఇనుప బల్లెం మొన, ఒక చామరం. ఊళ్ళో గుడి కట్టి పెట్టరు. దాచి ఉంచుతారు, పండగకు బయటికి తీస్తారు, పూజ బాధ్యత కటోడాది. పర్ధాన్లు కీక్రీ వాయిస్తూ వంశం చరిత్ర పాడతారు. మన అఖీదా వేరు, అది దాచాల్సిన పని లేదు. కానీ రాజు లేని కబీలా తనను తాను ఎలా కలిపి ఉంచుకుంటుందో చూడాలంటే ఇంతకంటే దగ్గర మిసాల్ మనకు లేదు. మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నాగోబా కోసం మా మంచిర్యాల జిల్లా జన్నారం మండలం దాకా కాలినడకన వచ్చి, కలమడుగు దగ్గర గోదావరి నీళ్ళు ఝరీలో తీసుకెళతారు. దారి పొడవునా ఆ వంశం మళ్ళీ ఒకటవుతుంది.

అయితే పెర్సపేన్ ఒక వంశాన్నే కలుపుతుంది, గోండులందరినీ కాదు. అందరూ ఒకటి కావడానికి ఇంకేదో కావాలి. 1857 తిరుగుబాటు తర్వాత నిర్మల్ వైపు రాంజీ గోండు లేచినప్పుడు ఆయన పక్కన నిలబడింది రోహిల్లాలు, మన పఠాన్లు. ఒకరిది పెర్సపేన్, ఒకరిది నమాజ్. మధ్యలో ఉమ్మడి తాబూత్ ఏదీ లేదు, ఉమ్మడి దుష్మన్ ఉన్నాడు. 1860లో పట్టుబడ్డాక నిర్మల్‌లో వాళ్ళను వేలాడదీసిన చెట్టును జనం వెయ్యి ఉరుల మర్రి అంటారు. మన ఇళ్ళల్లో ఈ రోహిల్లాల మాట ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు.

కొమురం భీం దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు కొందరు గొంతు తగ్గిస్తారు. 2020లో ఆ సినిమా టీజర్‌లో భీం నెత్తిన టోపీ కనబడగానే ఎంత రచ్చ అయిందో గుర్తుందిగా. చరిత్ర టోపీ కంటే చేదుగా ఉంది. గోండుల భూమి తనదన్న పట్టాదారు పేరు సిద్దిఖ్. భీం చేతిలో అతను చచ్చాడు. జోడేఘాట్ మీదికి వెళ్ళింది నిజాం పోలీసులు. ఇవి దాచి పిల్లలకు ఏం చెబుతాం? "జల్, జంగల్, జమీన్" అన్న నారాలో జంగల్, జమీన్ మన ఇళ్ళల్లో రోజూ పలికే మాటలే. మన జబాన్‌లోనే మన హుకూమత్ మీద దావా వేశారు వాళ్ళు.

భీం వెనక వంశాలకు అతీతంగా పన్నెండు గూడేలు కదిలాయి. పన్నెండు అనగానే బనీ ఇస్రాయీల్ గుర్తొస్తే మీ ఇష్టం, నేను మాత్రం ఆ లెక్కను లాగను. భీంకు మంత్రాలు వచ్చని, చచ్చినా లేస్తాడని భయపడి, పడిపోయిన మనిషి మీద పోలీసులు తూటాల మీద తూటాలు పేల్చారని చెబుతారు. అంటే గైబీ తాఖత్‌ను ఎక్కువ నమ్మింది బందూకులు ఉన్నవాళ్ళే. ఎబెనెజరు దగ్గర నారా విని వణికిన ఫిలిష్తీయుల్లాగే. తేడా ఏమిటంటే ఇక్కడ కూడా దడ పుట్టినవాళ్ళే గెలిచారు, కానీ ఆ గెలుపుతో పని అయిపోలేదు. తర్వాత నిజాం సర్కారే హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి ఈ అడవులకు పంపి, గోండులు ఎందుకు లేచారో తెలుసుకోవాల్సి వచ్చింది. నాగోబా జాతరలో అర్జీలు వినే దర్బార్ కూడా ఆయనతోనే మొదలైంది.

మా దగ్గర్నుంచి వెళ్ళాలంటే మందమర్రి, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ చేరి, అక్కణ్ణుంచి కెరమెరి పట్టుకోవాలి. భీం వర్ధంతిని గోండులు అంగ్రేజీ తారీఖు ప్రకారం చేయరు. ఆశ్వయుజ పున్నమి నాడు జోడేఘాట్‌లో కూడుకుంటారు, ఏ వంశం వాళ్ళయినా.