వాయిదా

ఉప్పల్ నియోజకవర్గంలోని కాప్రాలో చీటీ కట్టే ఇల్లాలికి వాయిదా అంటే నెల తిరిగేసరికి కట్టాల్సిన సొమ్ము; పాస్‌బుక్కులో ఒక్కో వాయిదాకీ ఒక్కో గడి. కోర్టు మెట్లెక్కినవాడికి అదే మాట మళ్ళీ రమ్మన్న తేదీ.

మూలం అరబ్బీ. ఉర్దూలో ‘వాదా’, హిందీలో ‘వాయదా’, అంటే ఇచ్చిన మాట. మన దగ్గర ఆ మాట కాస్తా గడువైంది, గడువేమో దాటవేత అయింది!

చట్టసభలో దీని వరస వేరు. ఏ బిల్లుకు ఎంతసేపో తేల్చేది బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా సంఘం. లోక్‌సభలో 1952 నుంచీ ఉంది, స్పీకరే అధ్యక్షుడు. ఆ పట్టిక పక్కనపెట్టి మా అంశం ఇప్పుడే చర్చించండంటూ విపక్షం ఇచ్చేది వాయిదా తీర్మానం. వాయిదా వేయమనేది మిగతా పనినే, చర్చను కాదు. పేపర్లో ఆ శీర్షిక చూసి చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు.

మళ్ళీ కలిసే తేదీ చెప్పకుండా సభ లేస్తే, అది నిరవధిక వాయిదా.