పింగ్ పుట్టుపూర్వోత్తరములు

ఒకచోట బయలుదేరిన వార్త వేరొకచోటు చేరుటకు ఎంతకాలము పట్టునన్న ప్రశ్న కంప్యూటర్లకంటె పాతది. కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను డేనిష్ గణితజ్ఞుడు, పిలుపులు ఎవరికి తోచినపుడు వారు చేయునవే యైనను వాని రాకలో ఒక సంభావ్యతా నియమము కలదని 1909లో నిరూపించి, చందాదారుడు తీగ ఖాళీయగువరకు ఎంతసేపు వేచియుండవలెనో లెక్కకట్టు సూత్రమును 1917లో ప్రకటించెను. ఆ లెక్కను కంప్యూటర్ల వలకు అన్వయించినవాడు లెనార్డ్ క్లైన్‌రాక్. కూడలి కూడలికి ఆగి, తనకు ముందు వచ్చిన వానిని పోనిచ్చి, పిమ్మట సాగు సందేశమునకు కలుగు మొత్తము జాప్యమును ఆయన 1962 నాటి సిద్ధాంతవ్యాసమున అంచనా కట్టెను. ఒకే సందేశము ఒకే పొడవుతో అన్ని కూడలులను దాటుటచే ఒకచోటి నిరీక్షణ మరియొకచోటి నిరీక్షణతో ముడిపడి లెక్క తెగకుండెను. అందుచే ప్రతి కూడలిలోను సందేశము క్రొత్త పొడవును పొందునని ఊహించి ఆయన ముడి విప్పెను. సత్యదూరమైన ఆ ఊహ సత్యమునకు సమీపమైన ఫలితము నిచ్చుట గణితశాస్త్రమున నాకు మిక్కిలి ప్రియమైన విషయములలో నొకటి.

అయినను అంచనా వేరు, కొలత వేరు. 1983 జూలైలో నార్వేలో జరిగిన యొక సమావేశమున డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు, 'పంపినదానిని తిరిగి పంపుము' అని కోరు ఎకో ప్యాకెట్టులను వదలి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి మార్గజాప్యమును తాను కొలిచిన సంగతిని మాటలసందర్భమున చెప్పెను. దానిని విన్నవారిలో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయమునకు చెందిన మైక్ మ్యూస్ ఒకడు. ఆ డిసెంబరులో తన ప్రయోగశాల నెట్‌వర్కు వింతగా ప్రవర్తింపగా, ఆ మాట జ్ఞప్తికివచ్చి ఒక ప్రోగ్రామును వ్రాసెను. అది నడువలేదు, అట్టి ప్యాకెట్టులను పంపు వసతి యూనిక్స్ కెర్నెలులోనే లేదు. మండిపడి ఆ వసతిని కూడ తానే కల్పించి, తెల్లవారకముందే సర్వమును సిద్ధముచేసెను. కాని అతడు తొలి ప్యాకెట్టును వదలులోపలనే సహోద్యోగి యొకడు చెడిన యంత్రభాగమును కనుగొని బాగుచేసియుండెను! సముద్రగర్భమున ధ్వనిని పంపి ప్రతిధ్వనిచే దూరమునెరుగు సోనారు శబ్దమునుబట్టి మ్యూస్ తన ప్రోగ్రామునకు 'పింగ్' అని పేరు పెట్టెను.

ఈ పద్ధతిలోని సొగసు ఒక్క గడియారముతో పని జరుగుటలో నున్నది. పోవు జాప్యమును మాత్రమే కొలువవలెనన్నచో రెండు కొసల గడియారములు ఏకీభవింపవలెను; ఆ ఏకీభావమును సాధించు ఎన్‌టీపీని రూపొందించినవాడు కూడ ఆ మిల్సే. రాకపోకల కాలమును సగము చేసిన చాలుననుట పొరపాటు. పోవుదారియే వచ్చుదారి కానక్కరలేదు.

జాప్యపు సగటును మాత్రము నమ్ముటలోని ముప్పు 1986 అక్టోబరు నాటికి తేటతెల్లమయ్యెను. నాలుగువందల గజముల దూరమున నున్న లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకును నడుమ సెకనుకు 32,000 బిట్ల వేగము 40 బిట్లకు పడిపోయెను. వరుసలు నిండినకొలది జాప్యము పెరుగుటయేగాక దాని హెచ్చుతగ్గులు సైతము పెరుగును. జవాబుకై ఎంతసేపు వేచి మరల పంపవలెనో సగటునుబట్టి నిర్ణయించు పాత అంచనా దీనిని గుర్తింపక, ఇంకను దారిలోనున్న ప్యాకెట్టులను పోయినవిగా భావించి మరల మరల పంపి రద్దీని ఇనుమడింపజేసెను. వాన్ జేకబ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు సగటుతోపాటు దానినుండి కలుగు విచలనమును కూడ లెక్కలోనికి తెచ్చెను. సేవ మంచిదా చెడ్డదా యని నిర్ణయించునది సగటుకంటె ఈ ఒడుదొడుకే యని నా అభిప్రాయము.

ఒడుదొడుకు లేకున్నను కొంత జాప్యము తప్పదు. కాలిఫోర్నియాలోని బిడ్డతో హైదరాబాదునుండి మాటలాడు తల్లికి నడుమ దూరము పదమూడువేల కిలోమీటర్ల పైచిలుకు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, సూటిదారి యున్నను ఒకవైపునకే 65 మిల్లీసెకన్లు తప్పవు. సంభాషణ సాఫీగా సాగుటకు ఒకవైపు జాప్యము 150 మిల్లీసెకన్లు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సూచన. త్రోవ వంకరలకును, కూడలులలోని నిరీక్షణకును, యంత్రములలోని పనికిని కలిపి మిగులునది 85 మిల్లీసెకన్లు.