ద్విజం

అమరకోశం ‘ద్విజ’ శబ్దానికి మూడర్థాలు చెబుతుంది: పన్ను, విప్రుడు, పక్షి. వాడుకలో విప్రుడొక్కడే నిలిచాడు. కావ్యాలతో పరిచయమున్నవాళ్లకు పక్షి కూడా తడుతుంది. పన్ను మాత్రం ఎవరికీ తట్టదు. వ్యుత్పత్తి తేలికే, రెండుసార్లు పుట్టేది ద్విజం. విప్రుడికి ఉపనయనం రెండో పుట్టుక. పాలపన్ను ఊడి మళ్లీ వస్తుంది. పక్షి ఒకసారి గుడ్డుగానూ, ఇంకోసారి గుడ్డులోంచి పిల్లగానూ పుడుతుంది. మన పిట్ట, పులుగు అన్న మాటల్లో ఈ పుట్టుకల ఊసే కనబడదు.

ఆ రెండో పుట్టుకకు పక్షి వాడే పనిముట్టును దగ్గరగా చూడాలి. పొదుగు ఇరవై ఒకటో రోజుకు చేరేసరికి కోడిపిల్ల ముక్కు కొసన తెల్లని గట్టి మొటిమ ఒకటి ఉంటుంది. పిల్ల దాంతో లోపలి నుంచి పెంకును పొడిచి, మెల్లగా తిరుగుతూ చుట్టూ పగలగొట్టుకుంటుంది. మూత ఊడినట్టు పెంకు విడిపోతుంది. కొద్దిరోజులకు ఆ మొటిమా రాలిపోతుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని గుడ్డుపన్ను అంటారు. నిజానికది పన్ను కాదు, మన గోళ్లలో ఉండే కెరాటినే. అసలైన పన్నుతో గుడ్డు చీల్చుకునేవి పాముపిల్లలు, బల్లిపిల్లలు. గోడమీది బల్లికైతే అలాంటివి రెండు. యోగార్థం ప్రకారం ద్విజత్వానికి వాటి హక్కే గట్టిది. కానీ రూఢి రెక్కలున్నవాటి పక్షం వహించింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానంటారేమో! గుడ్డు, ఈక, పన్ను మూడూ కలవకుండా పక్షి వంశకథ సాగదు.

ఎందుకంటే పక్షికి ఒకప్పుడు పళ్లుండేవి. జర్మనీలో బవేరియా సున్నపురాతి గనుల్లో 1861లో వెలుగు చూసిన ఆర్కియోప్టెరిక్స్ దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది. రెక్కలకు ఈకలు, వెనక పొడుగాటి ఎముకల తోక, దవడల్లో పళ్లు. 1870లలో అమెరికాలో ఓ.సి. మార్ష్ వర్ణించిన హెస్పెరోర్నిస్, ఇక్తియోర్నిస్ కూడా పళ్లున్న పక్షులే. పక్షులకూ డైనోసార్లకూ థామస్ హక్స్‌లీ 1868లోనే చుట్టరికం కలిపాడు. తర్వాత చాలాకాలం అది మూలనపడింది. జాన్ ఆస్ట్రమ్ 1969లో డైనోనికస్‌ను వర్ణించాక మళ్లీ లేచింది. 1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి ఒంటినిండా నూగున్న సైనోసారోప్టెరిక్స్ వచ్చాక ఇక కాదనేవాళ్లు తగ్గిపోయారు.

డైనోసార్ల పళ్లు బతికినంతకాలం రాలుతూ మొలుస్తూనే ఉండేవి. మొసలికి ఇప్పటికీ అంతే. కాబట్టి వాటి పన్ను ద్విజం కాదు, బహుజం! పన్నుకు ఆ పేరు పెట్టినవాడు మనిషి నోట్లోకి చూసి పెట్టాడు.

ఇప్పటి పక్షుల్లో పంటిమీది పింగాణీ పొరను తయారుచేయాల్సిన జన్యువులు చెడిపోయి, పనికిరాని ముక్కలుగా మిగిలాయి. అయినా పన్ను మొలిపించే ఏర్పాటు పూర్తిగా పోలేదు. ఒకరకం జన్యులోపమున్న కోడి పిండాల దవడల్లో మొసలి పళ్లను పోలిన మొలకలు వస్తాయని 2006లో తేల్చారు. ఆ పిల్లలు గుడ్డు దాటి రావు, వాటికి రెండో పుట్టుక లేదు.

పళ్లు పోగొట్టుకున్నవి పక్షులే కాదు. మంగోలియాలోని గోబీ ఎడారిలో ఓ డైనోసార్ అస్థిపంజరం గుడ్లమీదే దొరికింది. గుడ్లు వలయంగా పేర్చి ఉన్నాయి. నడుమ కాళ్లు ముడుచుకుని, ఈకల చేతులు వాటిమీదికి చాచి, అచ్చం పొదుగు కోడిలా కూర్చుంది. దాని నోట పళ్లు లేవు, ముక్కే ఉంది. ఆ జాతికి 2001లో పేరు పెట్టినవాళ్లు వెతుక్కుంటూ సంస్కృతం దాకా వచ్చారు, వచ్చి ‘చితిపతి’ అన్నారు. గుడ్లు పొదిగేదానికి శ్మశానం పేరేమిటని నాకు చిరాకే. కానీ దాని చుట్టం ఓవిరాప్టర్ గతి ఇంకా అన్యాయం. 1924లో గుడ్లగూటి దగ్గర దొరికిందని గుడ్లదొంగ అని పేరు పెట్టారు. ఆ గుడ్లు దాని జాతివేనని తర్వాత తెలిసింది. పేరు మాత్రం అదే.