గోలి శ్యామల సముద్ర ఈత: కొలమానాల ప్రశ్న

1966 ఏప్రిల్‌లో మిహిర్ సేన్ పాక్ జలసంధిని 25 గంటల 36 నిమిషాల్లో ఈదారు. 2021 మార్చి 19న గోలి శ్యామల తలైమన్నార్ నుంచి ధనుష్కోటికి దాదాపు 30 కిలోమీటర్లను 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం చరిత్ర రచన అనిపించుకోదు. 400 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో కొలను పొడవు స్థిరం, నీరు నిశ్చలం. సముద్రంలో ప్రవాహం, గాలి, బయలుదేరిన వేళ మరొకరికి అలాగే దొరకవు.

2004లో ఈదిన బులా చౌదరి తర్వాత ఈ జలసంధిని దాటిన రెండవ మహిళగా పత్రికలు శ్యామలను పేర్కొన్నాయి. అంతకన్నా గమనించదగినది ఆమె ఈత మొదలైన వయస్సు. సామర్లకోట మూలాలున్న ఈ హైదరాబాదు వాసి నలభై దాటాకే ఈత నేర్చారు. బెజవాడ, హనుమాన్ జంక్షన్ పరిసరాల డెల్టా పల్లెల్లో మగపిల్లలకు కాలువే ఈతబడి. ఆడవారికి మాత్రం అది ఎక్కువగా బిందె ముంచుకునే రేవు. శ్యామల ఆలస్యాన్ని ఈ నేపథ్యంలో చదవాలి.

2024 డిసెంబరు 28న విశాఖపట్నంలో మొదలుపెట్టి 2025 జనవరి 3న ఆమె కాకినాడ తీరం చేరారు. దూరం 150 కిలోమీటర్లు. అయితే దీన్ని పాక్ జలసంధి ఈతతో ఒకే పట్టికలో చేర్చరాదు: అది ఏకబిగిన సాగినది, ఇది రోజుకింతని పంచుకున్నది.