కనుగుడ్డులో ఇనుప ముక్క: వెతుకులాట చరిత్ర

సుత్తితో ఉలి మీద కొడుతుంటే ఎగిరిన ఇనుప పెచ్చు కంట్లోకి దూసుకెళ్లినా, ఒక్కోసారి చురుక్కుమన్న నొప్పి తప్ప ఏమీ తెలియదు. రెప్ప కింద పడ్డ నలుసైతే తీసేయొచ్చు. కనుగుడ్డు లోపలికి చేరిన ముక్క అలా కాదు. ఇనుమైతే నెమ్మదిగా తుప్పు వదులుతూ రెటీనాను పాడుచేస్తుంది. స్వచ్ఛమైన రాగి అయితే రోజుల్లోనే కన్ను వాచిపోవచ్చు.

దాన్ని చూసే సాధనం కంటే లాగే సాధనమే ముందు వచ్చింది. 1851లో హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపుతో కంటి లోపలి దృశ్యం దొరికిన మాట నిజమే. కానీ దెబ్బ తగిలిన కంట్లో రక్తం నిండినా, కటకం మసకబారినా అది పనికిరాదు. అయస్కాంతం మాత్రం చీకట్లోనూ పనిచేస్తుంది. 1874లో బెల్‌ఫాస్ట్‌లో మెకియోన్ దానితో ఉక్కు ముక్కను బయటికి తీశాడు. 1879లో బెర్లిన్‌లో హిర్ష్‌బర్గ్ చేత్తో పట్టుకునే విద్యుదయస్కాంతం వాడాడు. 1892లో జూరిచ్‌లో హాబ్ ఏకంగా భారీ అయస్కాంతం నిలబెట్టాడు. దాని ముందు కూర్చున్న రోగికి నొప్పి పుడితే, లోపల ఇనుము ఉందన్నమాట. నిర్ధారణ, చికిత్స రెండూ ఒకే గుంజుడుతో జరిగిపోయేవి. ఆ దారిలో ఏం చిరిగిపోతుందో డాక్టరుకు కనిపించేది కాదు.

1895 నవంబరులో రంట్‌జన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. మరుసటి ఏడాదికల్లా కంటి డాక్టర్లు వాటిని అందుకున్నారు. అయితే ప్లేటు మీద తెల్లటి చుక్క కనిపిస్తే, కంటిగూడులో ఎక్కడో లోహం ఉందని మాత్రమే తెలుస్తుంది. అది కనుగుడ్డు లోపలా, వెనకా? ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడేది. 1890ల చివర్లో ఫిలడెల్ఫియాలో స్వీట్, కంటి ముందు గుర్తులు నిలిపి రెండు కోణాల్లో ఎక్స్‌రేలు తీసి, ఆ నీడలను పటం మీద లెక్కగట్టాడు. అబర్డీన్‌లో కంటి డాక్టరుగా పనిచేసి లండన్ చేరిన మెకెంజీ డేవిడ్‌సన్ పద్ధతి నాకు మరీ ఇష్టం. కిరణాలు ప్రయాణించిన దారులను దారాలతో మళ్లీ కట్టి, అవి కలిసే చోటే ముక్క ఉందని తేల్చాడు. 1927లో కోంబర్గ్ సీసం చుక్కలున్న కాంటాక్ట్ లెన్సును కంటికే తొడిగాడు.

ఇంత నైపుణ్యమున్నా ఒక లోపం మిగిలింది. ఈ లెక్కలు కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లని అనుకుని వేసినవి. హ్రస్వదృష్టి ఉన్నవారి కన్ను అంతకన్నా పొడుగు. లోపలున్న ముక్క కూడా పటం మీద బయట పడొచ్చు.

ఆ కొరతను చాలావరకు తీర్చింది ధ్వని. 1956లో మండ్ట్, హ్యూస్ కంటికి అల్ట్రాసౌండ్ వాడారు. 1958లో బామ్, గ్రీన్‌వుడ్ దాన్ని చిత్రంగా మార్చారు. ఇప్పుడు ముక్కతోపాటు కనుగుడ్డు గోడ కూడా కనిపిస్తుంది. 1960లలో బ్రాన్‌సన్ అల్ట్రాసౌండ్‌ను ఫోర్‌సెప్స్‌కే జతచేసి, అయస్కాంతానికి లొంగని ముక్కలనూ పట్టాడు. వెలికితీతకు చిత్రమే దారి చూపింది. కాకపోతే చీలిన కంటి మీద ప్రోబు నొక్కితే లోపలివి బయటికి రావచ్చు కాబట్టి, అక్కడ ఎంతో జాగ్రత్త కావాలి.

1970ల మొదట్లో రెండు మలుపులు. మియామీలో మాకెమర్ కంటి లోపల నిండి ఉండే జెల్లీ లాంటి విట్రియస్‌ను చిన్న కోత ద్వారా తీసే ఆపరేషన్‌కు రూపమిచ్చాడు. దాంతో సర్జన్ ముక్కను కళ్లారా చూస్తూ పట్టుకోగలిగాడు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రంతో మొదటి రోగికి స్కాన్ తీశారు. క్రమంగా సన్నని పొరలుగా తీసే సీటీయే ఈ గాయాలకు ప్రధాన పరీక్ష అయింది. కంటిని తాకకుండానే లోహం ఎక్కడుందో చెప్పేస్తుంది.

1986లో అమెరికా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. రేకుల పని చేసే కార్మికుడి కంట్లో ఎవరికీ తెలియని ఇనుప ముక్క, బలమైన అయస్కాంతంతో పనిచేసే ఎమ్మారై తీస్తుండగా కదిలి, రక్తస్రావమై చూపు పోయింది. హాబ్ చేతిలో కంటిని కాపాడిన అయస్కాంత బలమే ఇక్కడ కంటిని బలిగొంది. అప్పటినుంచి లోహపు పని చేసినవారిని ఎమ్మారైకి పంపేముందు కంటి గాయాల గురించి అడగడం, అనుమానముంటే ఎక్స్‌రే తీయడం ఆనవాయితీ అయింది. ఈ వృత్తాంతంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఘట్టమే.

చెక్కముక్క ఇప్పటికీ మొండిదే. ఎండిన చెక్క సీటీలో గాలిలా కనిపించి మోసం చేస్తుంది. అక్కడ ఎమ్మారై బాగా పనికొస్తుంది, కానీ లోహం లేదని సీటీ తేల్చాకే.