రెండు ఊళ్ల నడుమ ఒక నాలా

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే రసూల్‌పురా దగ్గర పికెట్ నాలా వంతెన పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాను. వరద తగ్గుముఖం పట్టింది. రాత్రి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో నాలా గోడ మీద తడిచార చెబుతోంది. ఆ చార పొడుగునా పాలిథిన్ కవర్లు, ఒక పిల్లవాడి చెప్పు, దేవుడి పటం చట్రం, సగం కొబ్బరి చిప్ప. ఎగువన కంటోన్మెంటు, దిగువన కాస్త దూరంలోనే హుస్సేన్‌సాగర్. నడుమ ఉన్నది నాలుగు అడుగుల దూరమే అయినా, ఈ నీళ్ల మీద అజమాయిషీ నాలుగు కార్యాలయాలది. పైన రక్షణ శాఖ కింది కంటోన్మెంటు బోర్డు, ఇక్కడ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ, మురుగు పైపులకు జలమండలి, చెరువు ఒడ్డుకు మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. అది ఇలా ఎలా అయిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ ఈ చెరువు కట్టించేనాటికి ఒడ్డున హైదరాబాదూ లేదు, సికింద్రాబాదూ లేదు. హైదరాబాదు పుట్టడానికి ఇంకా 29 ఏళ్లుంది. వాగుకు అడ్డంగా కట్ట పోసి అంతటితో సరిపెట్టుకోలేదు ఆనాటివాళ్లు. మూసీ ఎగువన బల్కాపూర్ నుంచి కాలువ తవ్వి నది నీళ్లను చెరువులోకి మళ్లించారు. తెలంగాణ ఊళ్లలో చెరువు పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి, అది నిండితే ఆ కింది కుంటకు. కాలువలో పూడిక ఎక్కడ పడిందో, తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎప్పుడు తడి అందాలో చూసేవాడు నీరడి. నీళ్లొచ్చే దారి, నిలిచే చోటు, పోయే దారి మూడూ ఆ ఒక్కడి కంటి ముందే ఉండేవి. తర్వాతి చరిత్రంతా ఈ మూడింటినీ విడదీసిన చరిత్రే అని నాకు అనిపిస్తుంది.

మొదటి విడదీత రాజకీయం వల్ల వచ్చింది. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దళాలు చెరువుకు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. చెరువుకు దక్షిణాన నిజాం చట్టం, ఉత్తరాన ఇంగ్లీషువాళ్ల చట్టం. రెండు ఊళ్లనూ కలిపింది చెరువు కట్టే. జంట నగరాలు కలిసి వాడుకున్న తొలి ఉమ్మడి ఆస్తి అది. అయితే రెండువైపుల వాళ్లకీ అది రాకపోకల దారి. దాని వెనక ఉన్న నీళ్ల గురించి ఇద్దరూ కలిసి కూర్చున్న సందర్భం నాకు కనిపించలేదు.

చిత్తడి నేలను చూసే చూపు మారడంలో సికింద్రాబాదుకు ప్రత్యేకమైన పాత్ర ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే, బేగంపేటలో, దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ప్రపంచ వైద్యానికి అది గొప్ప మలుపు. నిలవ నీటిని అనుమానంగా చూడటానికి కూడా అది శాస్త్రీయమైన కారణం ఇచ్చింది. కుంట అంటే దోమ, దోమ అంటే జ్వరం. ఆ తర్వాత కుంటను పూడ్చేవాడి నోట ఆరోగ్యం అనే మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. చేపలతో బతికున్న చెరువు వేరు, మురుగు నిలిచిన గుంట వేరు. ఈ తేడాను రాస్ పరిశోధన చెరపలేదు, మనమే చెరిపేసుకున్నాం.

1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. నగరానికి వాటివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. కానీ హుస్సేన్‌సాగర్‌కు మాత్రం ఒక కాలం ముగిసింది. సుమారు 1930 వరకు జనం దాని నీళ్లు తాగారు. తాగినంత కాలం చెరువును ఎవరో ఒకరు కాపాడతారు, ఎందుకంటే అది వాళ్ల ఇంటి కుండలోకి వచ్చే నీరు. కుండ వేరే చోటి నుంచి నిండటం మొదలయ్యాక చెరువు కేవలం చూసే వస్తువైంది. 1946లో దివాన్ మీర్జా ఇస్మాయిల్ కట్టను వెడల్పు చేయించి అందంగా దిద్దించాడు. ట్యాంక్‌బండ్ అనే పేరు చెరువు పేరు కంటే ఎక్కువగా నోట నానింది.

1950లో హైదరాబాదుకూ సికింద్రాబాదుకూ వేర్వేరు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. పదేళ్లు గడిచాక, 1960లో, రెండింటినీ కలిపేశారు. జంట నగరాలు కాగితం మీద ఒక్కటయ్యాయి. కంటోన్మెంటు మాత్రం రక్షణ శాఖ కిందే ఉండిపోయింది. ఇంకోవైపు ఎగువన సనత్‌నగర్, బాలానగర్, ఆ తర్వాత జీడిమెట్ల పారిశ్రామికవాడలు పెరిగాయి. వాటి వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా పట్టుకుని చెరువులోకి దిగాయి. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ వేరే మున్సిపాలిటీలు. చెరువు వాళ్ల హద్దులో లేదు, కంపు వాళ్లకు రాదు. ఎగువవాడు ఖర్చు పెడితే దిగువవాడికి లాభం. పొరుగు ఊళ్ల మధ్య నీటి సహకారం ప్రపంచంలో ఎక్కడైనా తట్టుకునే మొదటి రాయి ఇదే.

1975లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ హుడా ఈ ఊళ్లన్నింటినీ ఒక పటంలోకి తెచ్చింది. అప్పటినుంచి చెరువు చుట్టూ పని జరుగుతూనే ఉంది. కాకపోతే ఎక్కువ పని కంటికి కనబడే చోటే. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు, లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు. 1990 మార్చి 10న తరలింపులో నీట మునిగిన బుద్ధ విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీశారు.

కంటికి కనబడని నాలాల వంతు తర్వాత వచ్చింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొంగింది. దిగువన అశోక్‌నగర్, నల్లకుంట వైపు నీళ్లు ఇళ్లలోకి దూరాయి. నల్లకుంట అన్న పేరులోనే కుంట ఉంది, నీళ్లు తమ పాత చోటికే వచ్చాయి. నాలా గురించి కొలతలతో మాట్లాడటం ఆ తర్వాతే ఊపందుకుంది. నెదర్లాండ్స్ సాయంతో హుడా చుట్టుపక్కల చెరువులు బాగుచేసింది. 2006లో జపాన్ రుణంతో మొదలైన పథకం పేరులోనే చెరువుతోపాటు దాని పరీవాహక ప్రాంతం కూడా ఉంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు చెరువులో కలిసే చోట్ల పూడిక తీశారు. మురుగును దారిమళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు పంపే పనులు సాగాయి. ఒకనాడు మూసీ నీళ్లు తెచ్చిన బల్కాపూర్ కాలువ ఆపాటికే మురుగు నాలా అయిపోయింది.

2007లో 12 మున్సిపాలిటీలను కలుపుకుని జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, మల్కాజిగిరి, అల్వాల్ అందులో చేరాయి. ఎగువవాడూ దిగువవాడూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు కట్టడం కూడదు. కుంట ఎంత చిన్నదైతే రక్షణ అంత సన్నం. మాయమైపోయేవేమో ఆ చిన్న కుంటలే.

అమెరికాలో ఇంకో దారి ఉంది. 1972 నాటి శుద్ధజల చట్టం పరిధిలోకి వచ్చే చిత్తడి నేలను పూడ్చాలంటే అనుమతి కావాలి, పోయినదానికి బదులు వేరేచోట తయారుచేయాలి. 1980ల చివర్లో నికరంగా నష్టం ఉండకూడదన్న జాతీయ లక్ష్యం కూడా పెట్టుకున్నారు. ఊళ్లు కలిసి పెద్ద చిత్తడి నేలను బాగుచేసి, ఆ లెక్క మీద అభివృద్ధి పనులకు అనుమతులు తెచ్చుకోవచ్చు. మన దగ్గరా ఇలాంటిది రావాలనేవాళ్లున్నారు. నాకు మాత్రం భయం. మల్కాజిగిరిలో కుంట పూడ్చి మేడ్చల్ అవతల చెరువు తవ్వితే కాగితం మీద విస్తీర్ణం సమానమే. కానీ మల్కాజిగిరిలో పడిన వాన మేడ్చల్‌కు ఎక్కి పోదు. బదులు ఇచ్చేదేదైనా అదే నాలా మీద, అదే గొలుసులో ఉండాలి.

2020 అక్టోబరు వరదల తర్వాత నాలాల అభివృద్ధి పథకం వచ్చింది, రసూల్‌పురా దగ్గర వంతెన వెడల్పైంది. 2024 జులైలో విపత్తుల నిర్వహణకు, చెరువుల వంటి ప్రభుత్వ ఆస్తుల రక్షణకు హైడ్రా ఏర్పడింది. దాని పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకా. కంటోన్మెంటు పౌర ప్రాంతాలను జీహెచ్‌ఎంసీలో కలిపే మాట ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

హుస్సేన్‌సాగర్‌కు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) 513.41 మీటర్లు. వానాకాలంలో ఆ అంకె పత్రికల్లో వస్తుంది, సెంటీమీటరు పెరిగినా నగరానికి తెలుస్తుంది. పికెట్ నాలాకు కూడా అలాంటి కొలత కావాలి. కంటోన్మెంటు హద్దు దాటే చోట ఒక గేజి, చెరువులో కలిసే చోట ఒక గేజి, రెండు చోట్లా నీటి నాణ్యత పరీక్ష, ఆ అంకెలు నాలుగు కార్యాలయాల బల్లల మీదికీ ఒకే రోజు రావాలి. నేను చూసిన తడిచార మధ్యాహ్నం ఎండకు ఆరిపోయింది. ఆ రాత్రి నీరెంత వచ్చిందో చెప్పడానికి అది తప్ప నాకు ఇంకో గుర్తు కనిపించలేదు.